కృప, క్రియలు: ఒక అక్షరం చుట్టూ నడిచిన వివాదం

క్రైస్తవంతో ముస్లిం పండితుల వాదోపవాదాలు సాగినంత కాలం ఒక మాట పదే పదే వినిపిస్తూ వచ్చింది. విశ్వసిస్తే చాలు, రక్షణ దొరికిపోతుందని క్రైస్తవం చెబుతుంది. ఇస్లాం మాత్రం విశ్వాసంతోపాటు సత్కార్యాలనూ కోరుతుంది - ఇదీ ఆ మాట. దీనికి రెండు సాక్ష్యాలు చూపటం రివాజు. కొత్త నిబంధనలోనే పౌలు ఒకటి చెబితే యాకోబు మరొకటి చెప్పాడన్నది మొదటిది. జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ మూలంలో లేని ఒక పదాన్ని తన అనువాదంలో చేర్చాడన్నది రెండవది. పదం చేర్చిన మాట వాస్తవమే. పౌలు, యాకోబుల మాటలు పైకి ఎదురెదురుగా కనిపిస్తాయన్నదీ వాస్తవమే. కాని వాటి నుంచి తీసే నిర్ణయం నిలవదు. పైగా అది ముస్లిం వాదిని తన సొంత అఖీదాకే విరుద్ధమైన చోటికి తీసుకుపోతుంది.

ఈ వాదన ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవటం కష్టం కాదు. 1854లో ఆగ్రాలో మౌలానా రహ్మతుల్లాహ్ కైరానవీకి, ఫాండర్ అనే మిషనరీకి మధ్య జరిగిన ప్రసిద్ధ మునాజరా నాటి నుంచి, యూరప్‌లో క్రైస్తవులు తమ గ్రంథంపై తామే వ్రాసుకున్న విమర్శలను ముస్లిం వాదులు చేతికి తీసుకున్నారు. ఒక వర్గం మరొక వర్గంపై విసిరిన రాళ్ళు కూడా అందులో కలిసి వచ్చాయి. మిషనరీల దాడి ముమ్మరంగా ఉన్న రోజుల్లో అది సమర్థమైన ఆత్మరక్షణే. అయితే ప్రొటెస్టంటును కొట్టటానికి కేథలిక్కు చేసిన ఆయుధం ఇస్లాం పక్షాన నిలబడి చేసిన విమర్శ కాదు. దాన్ని అరువు తెచ్చుకున్నవారు కొన్నిసార్లు ఈ భేదాన్ని మరచిపోయారు.

ముందుగా లూథర్ సంగతి. ఆయన జర్మన్ కొత్త నిబంధన 1522 సెప్టెంబరులో వెలువడింది. రోమీయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయం, 28వ వాక్యంలో మనిషి ధర్మశాస్త్ర క్రియలు లేకుండా విశ్వాసం వల్ల నీతిమంతుడవుతాడని పౌలు అంటాడు. లూథర్ అక్కడ ‘అల్లైన్’ అనే జర్మన్ పదం చేర్చాడు. అంటే ‘మాత్రమే’ అని అర్థం. గ్రీకు మూలంలో ఆ పదం లేదు. ప్రత్యర్థులు ఇది వక్రీకరణ అన్నారు. లూథర్ 1530లో కోబుర్గ్ కోట నుంచి అనువాదం గురించి ఒక బహిరంగ లేఖ వ్రాసి సమాధానం చెప్పాడు. గ్రీకులో ఆ పదం లేదని తనకూ తెలుసునని ఒప్పుకున్నాడు. ఒకటి ఉందని, రెండవది లేదని చెప్పవలసి వచ్చినప్పుడు జర్మన్ నుడికారం ‘మాత్రమే’ అనే పదాన్ని కోరుతుందని వాదించాడు. రైతు ధాన్యం మాత్రమే తెచ్చాడు, డబ్బు తేలేదు అన్నట్లు. భాష ఎలా ఉండాలో లాటిన్ అక్షరాలను అడిగితే తెలియదని, ఇంట్లో తల్లిని, వీధిలో పిల్లలను, అంగట్లో సామాన్యుణ్ణి అడగాలని ఆయన అభిప్రాయం.

అనువాదం చేసినవారెవరికైనా ఈ సమాధానంలో సగం న్యాయం కనిపిస్తుంది. మిగతా సగం మీద అనుమానం కలుగుతుంది. ఎందుకంటే అదే లేఖలో లూథర్ మరొక మాట కూడా చెప్పాడు: నుడికారం మాత్రమే కాదు, పౌలు భావమే ఆ పదాన్ని కోరుతోందని. అంటే అనువాదకుడు వ్యాఖ్యాతగా మారాడు. ఇది దాచిపెట్టి చేసిన పని కాదు గనుక మోసం అనటానికి వీలులేదు. తఫ్సీరును తర్జుమాలో కలిపేయటం అనవచ్చు.

ఇక తెలుగు సంగతి ఎవరూ అంతగా పట్టించుకున్నట్లు లేదు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల చర్చిలలో ఎక్కువగా చదివే తెలుగు బైబిలులో ఆ వాక్యం దగ్గర ‘విశ్వాసమువలన’ అని కాక ‘విశ్వాసమువలననే’ అని ఉంది. జర్మన్‌లో లూథర్‌కు ఒక పదం కావలసి వచ్చింది; తెలుగులో చివరి ఏకారం ఒక్కటే ఆ పని చేసిపెట్టింది. లూథర్ చేర్చిన పదం మీద యూరప్‌లో శతాబ్దాల రగడ నడిచింది. ఏకారం మాత్రం తెలుగువారి నాలుక మీద అలవాటుగా దొర్లే ధ్వని కనుక వినేవాడికి ఏదో అదనంగా వచ్చి చేరిందనిపించదు. 1865లో బైరూత్‌లో పూర్తయిన వాన్ డైక్ అరబీ అనువాదంలో ‘మాత్రమే’ అన్న అర్థమిచ్చే ‘వహ్‌దహు’ ఆ వాక్యంలో లేదు.

ఇంతకంటె ఆసక్తికరమైనది క్రియాపదం. పౌలు, యాకోబు ఇద్దరూ వాడిన గ్రీకు క్రియ ఒక్కటే. వాన్ డైక్ అరబీలో కూడా రెండు చోట్లా ఒకే ధాతువు వస్తుంది. తెలుగులో మాత్రం పౌలు దగ్గర మనిషి నీతిమంతుడుగా ‘తీర్చబడతాడు’, యాకోబు దగ్గర నీతిమంతుడని ‘ఎంచబడతాడు’. ఒకే పదానికి ఇలా రెండు పదాలు వాడటంతో మూలంలో ముఖాముఖి నిలబడిన ఇద్దరు రచయితలు తెలుగులో కొంచెం పక్కకు తప్పుకున్నారు. పైగా ‘తీర్చు’ అనే మాటలో రెండు అర్థాలున్నాయి. న్యాయస్థానంలో తీర్పు తీర్చటం ఒకటి, కుమ్మరి కుండను తీర్చిదిద్దటం మరొకటి. చిత్రమేమిటంటే, పదహారవ శతాబ్దంలో పశ్చిమ క్రైస్తవం చీలినప్పుడు తగువు సరిగ్గా ఈ రెండు అర్థాల మధ్యనే నడిచింది. దేవుడు పాపిని నిర్దోషి అని ప్రకటిస్తాడని, ఆ నీతి క్రీస్తుదే గాని మనిషిది కాదని లూథరన్లు అన్నారు. అది వట్టి ప్రకటన కాదు, లోపలి మనిషి నూతనుడు కావటం కూడా అని 1547 జనవరిలో ట్రెంట్ మహాసభ తీర్మానించింది. తెలుగు అనువాదకులు తెలిసి ఎన్నుకున్నారో, తెలియక ఎన్నుకున్నారో గాని, ‘తీర్చు’ అనే మాట ఇద్దరికీ చోటిస్తుంది.

ఇప్పుడు పౌలు-యాకోబుల విషయం. గ్రీకు కొత్త నిబంధనలో ‘విశ్వాసం మాత్రమే’ అనే పదబంధం వచ్చేది ఒకే ఒక్క చోట. అది యాకోబు పత్రిక రెండవ అధ్యాయం, 24వ వాక్యం. అక్కడ వచ్చింది కూడా నిరాకరణతోనే. లూథర్ ఈ పత్రికను గడ్డితో పోల్చాడు. తన బైబిలులో దాన్ని చివరికి నెట్టాడు గాని తీసివేయలేదు. గడ్డి అన్న మాట తర్వాతి ముద్రణల్లో లేదు. మునాజరాలో ఇది చదివి వినిపిస్తే సభ చప్పట్లు కొడుతుంది. కాని పత్రికను మొదటి నుంచి చదివితే యాకోబు ఏ విశ్వాసాన్ని తిరస్కరించాడో తెలుస్తుంది. దేవుడు ఒక్కడేనని దయ్యాలు కూడా నమ్మి వణుకుతాయని ఆయన అంటాడు. ఈ వాదన ముస్లిం పాఠకుడికి కొత్త కాదు. ఈమాన్ అంటే హృదయంలో కలిగే ఎరుక మాత్రమేనన్న జహ్మ్ బిన్ సఫ్వాన్ అనుయాయులకు అహ్లె సున్నత్ పండితులు ఇచ్చిన జవాబు ఇదే: అలాగైతే ఇబ్లీసు కూడా మోమినే కావాలి, అల్లాహ్ ఎవరో వాడికి తెలియకనా!

పౌలు కొట్టివేసినది మరొకటి. ఆయన వట్టి ‘క్రియలు’ అనలేదు, ‘ధర్మశాస్త్ర క్రియలు’ అన్నాడు. యూదులు కానివారు ఈ కొత్త సమాజంలోకి రావాలంటే సున్తీ, ఆహార నియమాలు, సబ్బాతు పాటించి ముందు యూదులు కావాలా అన్నది ఆయన ఎదుట ఉన్న సమస్య. 1977లో ఇ. పి. శాండర్స్ అనే పండితుడు పౌలు గురించి, పాలస్తీనా యూద మతం గురించి వ్రాసిన గ్రంథం, 1982లో జేమ్స్ డన్ చేసిన ఉపన్యాసం ఈ విషయాన్ని తిరిగి చర్చకు తెచ్చాయి. పౌలు నాటి యూదులు పుణ్యం పోగుచేసి స్వర్గం కొనుక్కునే వర్తకులు కారని, వారికీ దైవానుగ్రహం అనే భావన ఉందని శాండర్స్ చూపించాడు. మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దొరికి 1994లో పూర్తిగా అచ్చయిన ఒక హీబ్రూ లేఖలో ‘ధర్మశాస్త్ర క్రియలు’ అనే అర్థమిచ్చే పదబంధమే కనిపించింది. అక్కడ అది శుద్ధి, బలి వంటి నియమాలకు సంబంధించినది. ఈ వ్యాఖ్యానాన్ని అందరూ ఒప్పుకోలేదు, కాని దీన్ని పక్కకు నెట్టి పౌలును విమర్శించటం ఇక సాధ్యం కాదు.

అంతేకాదు. కృప విస్తరించాలని పాపం చేస్తూనే ఉందామా అనే ప్రశ్నను పౌలు తానే వేసుకుని, తానే గట్టిగా కాదన్నాడు. అదే రోమా పత్రిక రెండవ అధ్యాయంలో ప్రతివాడికీ వాడి క్రియల ప్రకారమే ప్రతిఫలమని వ్రాశాడు. గలతీయులకు వ్రాస్తూ ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసం గురించి మాట్లాడాడు. నమ్మి ఇష్టం వచ్చినట్లు బ్రతకవచ్చా అని ఎదుటివాణ్ణి నిలదీసే ముస్లిం వాది పందొమ్మిది వందల సంవత్సరాలు ఆలస్యంగా ఆ ప్రశ్న అడుగుతున్నాడన్నమాట.

పండితులకు ఒక పరీక్ష పెట్టవచ్చు. ఇస్లాం అంటే ఏమీ తెలియని ఒక క్రైస్తవ వాది ఇమామ్ అబూ హనీఫా మాటలను, ఇమామ్ బుఖారీ మాటలను పక్కపక్కన పెట్టాడనుకుందాం. ఈమాన్ అంటే హృదయ ధ్రువీకరణ, నోటి అంగీకారం అని, ఆచరణ దానికి వేరని మొదటివారి మతం. ఈమాన్ అంటే మాట, ఆచరణ రెండూ అని, అది పెరుగుతుంది, తరుగుతుంది అని రెండవవారి మతం. ఇదిగో, ముస్లింలలోనూ పౌలు, యాకోబు ఉన్నారని అతడు అంటే ఏ మదరసా విద్యార్థి ఐనా నవ్వి, ఇమామ్ అబూ హనీఫా పాపికి భయంలేదని ఎక్కడా చెప్పలేదని, ఈ భేదంలో అధికభాగం పదాలకు సంబంధించినదని ఇబ్నె అబిల్ ఇజ్ వంటి వ్యాఖ్యాతలు ఏనాడో తేల్చారని వివరిస్తాడు. ఆ వివరించుకునే హక్కు తనకు కావాలనుకునేవాడు ఎదుటివారికి కూడా ఇవ్వాలి. ఒక జాతిపై ఉన్న వైరం న్యాయం తప్పేలా చేయరాదని మాయిదా సూరా ఎనిమిదవ ఆయతు ఆదేశం; దాన్ని మునాజరా వేదిక మీద సడలించిన ఫఖీహు ఎవరూ లేరు.

కేథలిక్కులు క్రియల పక్షం, ప్రొటెస్టంట్లు విశ్వాసం పక్షం అనే విభజన కూడా ఉర్దూ, తెలుగు వాద గ్రంథాల్లో తరచుగా కనిపిస్తుంది. ఇదీ సరికాదు. మనిషి తన ప్రయత్నంతో దేవుని ఆజ్ఞలు నెరవేర్చగలడన్న పెలేజియస్ బోధను క్రీ.శ. 418లో కార్తేజ్ సభ ఖండించింది. 529లో ఆరెంజ్ సభ, విశ్వాసానికి తొలి అడుగు కూడా కృప వల్లనే పడుతుందని తీర్మానించింది. ట్రెంట్ సభ సైతం, నీతిమంతుడు కావటానికి ముందున్న ఏ క్రియా ఆ కృపకు అర్హత సంపాదించలేదనే చెప్పింది. అటు లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు, విశ్వాసం మంచి ఫలాలు ఫలించి తీరాలంటుంది. లూథరన్ పాస్టరు బోన్‌హోఫర్ 1937లో ప్రచురించిన గ్రంథంలో తన చర్చినే నిలదీశాడు: శిష్యత్వం లేని క్షమాపణను కారుచౌకగా అమ్ముతున్నారని. నాజీలు 1945 ఏప్రిల్‌లో ఆయనను ఉరితీశారు. చౌక కృప మీద ఏ ముస్లిం వాదీ ఇంత పదునైన విమర్శ వ్రాయలేదంటే అతిశయోక్తి కాదు.

1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్ నగరంలోనే కేథలిక్ చర్చి, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఈ విషయంపై ఉమ్మడి ప్రకటన చేశాయి. మనిషి అర్హత వల్ల కాక కేవలం కృప వల్లనే దేవుడు అతణ్ణి స్వీకరిస్తాడని, ఆ కృపే అతణ్ణి సత్క్రియలకు సన్నద్ధం చేస్తుందని దాని సారాంశం. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కరణ సంప్రదాయపు చర్చిల సమాఖ్య దానితో చేతులు కలిపారు. నూరుమందికి పైగా జర్మన్ ప్రొటెస్టంట్ ఆచార్యులు సంతకాలు చేసి అభ్యంతరం తెలిపారన్నది కూడా చెప్పుకోవాలి. తగువు పూర్తిగా తీరలేదు. కాని ఒకరి గొంతు మీద ఒకరు కత్తి పెట్టుకున్న స్థితి పోయింది. ఆ పాత కత్తులను ఇంకా నూరుతున్నవారు వాటి సొంతదారులు కారు.

ఇంతకూ ఇస్లాం ఈ విషయంలో ఏమంటుంది? మీరు చేసిన కర్మలకు బదులుగా స్వర్గంలో ప్రవేశించండని దైవదూతలు అంటారని నహ్ల్ సూరా 32వ ఆయతు తెలుపుతుంది. మరోవైపు, ఎవరి కర్మలూ వారిని స్వర్గంలో ప్రవేశపెట్టలేవని దైవప్రవక్త (స) చెప్పారు. తమరిని కూడానా అని సహచరులు అడిగితే, అల్లాహ్ తన కారుణ్యంతో కప్పివేస్తే తప్ప తనను కూడా అని సెలవిచ్చారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. కృప మీద నవ్వేవాడు ఈ హదీసును ఎక్కడ దాచుకుంటాడు?

ఆయతుకు, హదీసుకు మధ్య పైకి కనిపించే ఈ వైరుధ్యాన్ని పండితులు ఒక్క అక్షరంతో పరిష్కరించారు. ఆయతులోనూ, హదీసు భావంలోనూ కర్మల ముందు ‘బా’ అనే అక్షరం ఉంది. అరబీలో ఈ ‘బా’ కారణాన్ని తెలుపుతుంది, మారకాన్నీ తెలుపుతుంది. ఆయతులోని ‘బా’ కారణవాచకం, హదీసు నిరాకరించినది మారకపు ‘బా’ అని ఇబ్నె తైమియా (మరణం హి. 728), ఆయన శిష్యుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం హి. 751) వివరించారు. వాన వల్ల పంట పండుతుంది. అంతమాత్రాన వాన పంటకు ఖరీదు కాదు. వీరికంటె ముందు ఇమామ్ నవవీ (మరణం హి. 676), కర్మలు కారణమే అయినా ఆ కర్మలు చేసే తౌఫీఖు, వాటి స్వీకృతి అల్లాహ్ కారుణ్యమేనని చెప్పారు. పుణ్యానికి దేవుడు కిరీటం పెట్టేటప్పుడు తానిచ్చిన వరాలకే పెడతాడని ఐదవ శతాబ్దపు అగస్టీను భావించాడు. నవవీ మాటకూ దీనికీ దూరం ఎంతో చెప్పటం కష్టం. లూథర్ ‘అల్లైన్’, తెలుగు ఏకారం, అరబీ ‘బా’ - మూడు భాషల్లోనూ మనిషి ఒకే చిక్కును విప్పటానికి చిన్న చిన్న అక్షరాలతో తంటాలు పడ్డాడు.

అయితే తేడా లేదా? ఉంది, అది చాలా లోతైనది. కాని అది వేరే చోట ఉంది. క్షమించటానికి దేవునికి మూల్యం అవసరమా అన్నది అసలు ప్రశ్న. పదకొండవ శతాబ్దం చివర కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్, దేవుడు ఎందుకు మనిషి అయ్యాడన్న ప్రశ్నతో ఒక గ్రంథం వ్రాశాడు. పాపం దేవుని గౌరవానికి కలిగించిన లోటును ఎవరో పూడ్చాలని, అలా పూడ్చకుండా వదిలేయటం దేవుని న్యాయానికి తగదని, ఆ రుణం మనిషి తీర్చలేడు గనుక దైవమానవుడు తీర్చాడని ఆయన వాదన. దివ్యఖుర్ఆన్ ఈ మెట్టును ఎక్కదు. ఆదం (అలైహిస్సలాం) తన ప్రభువు నుంచి కొన్ని వచనాలు నేర్చుకుని పశ్చాత్తాపపడ్డారు, అల్లాహ్ స్వీకరించాడు. మధ్యలో మూడవవాడు లేడు. బరువు మోసేవాడెవడూ మరొకరి బరువు మోయడన్న సూత్రం నజ్మ్ సూరాలోనూ, అన్ఆమ్ సూరాలోనూ ఉంది. ముస్లిం దృష్టిలో తౌబా స్వయంగా ఒక తలుపు. మరొకరు చెల్లించిన రుసుముకు రసీదు కాదు.

విమర్శ ఇక్కడ మొదలు కావాలి. రుణం పైసాతో సహా వసూలైన తర్వాత ఇచ్చిన దానికి కృప అనే పేరు ఎలా చెల్లుతుంది? సువార్తల్లోనే మత్తయి 18వ అధ్యాయంలో ఒక రాజు దాసుడి పెద్ద అప్పును వట్టినే రద్దు చేస్తాడు. లూకా 15వ అధ్యాయంలో తప్పిపోయి తిరిగివచ్చిన కుమారుణ్ణి తండ్రి పరుగెత్తుకెళ్ళి కౌగిలించుకుంటాడు. రెండింట్లోనూ హామీదారు లేడు, బలి లేదు. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) పేరిట ఆ గ్రంథాలు చెప్పే ఈ ఉపమానాలకు, ఆన్సెల్మ్ లెక్కల పుస్తకానికి పొంతన ఎక్కడ? పౌలు మీదికి యాకోబును ఉసిగొల్పటం కంటె ఈ ప్రశ్న బరువైనది. క్రైస్తవుల దగ్గర దీనికీ సమాధానం ఉంది: అప్పు రద్దు చేసిన రాజు ఆ నష్టాన్ని తానే భరించాడు, సిలువ అర్థం అదేనని. పైగా ప్రాచ్య ఆర్థడాక్స్ చర్చిలు ఆన్సెల్మ్ మార్గంలో నడవవు. పశ్చిమంలోనే ఆబెలార్డ్ దాన్ని తప్పుపట్టాడు. కాని నష్టం భరించటం వేరు, నష్టానికి బదులు ఒక నిర్దోషిని చెల్లించటం వేరు. ఈ రెండింటిని ఒకే మాటలో కలిపివేయటం వల్లనే ఆ సమాధానం నిండుగా కనిపిస్తుంది.

తెలుగు క్రైస్తవులు వాడే మాట ‘రక్షణ’. మునిగిపోతున్నవాణ్ణి ఒడ్డున ఉన్నవాడు లాగటం అందులో ఉంది. తెలుగు ఇస్లామీ రచనల్లో ‘ఫలాహ్’కు స్థిరపడిన మాట ‘సాఫల్యం’, ఫలంతో కూడినది. అరబీలోనూ ఆ ధాతువు నేలను దున్నటానికి చెందినదే, రైతును ‘ఫల్లాహ్’ అంటారు. వినగానే ఒకటి చేయి చాచినట్లు, మరొకటి నాగలి పట్టినట్లు తోస్తుంది. ఈ పదాల మీద మరీ ఆధారపడితే దెబ్బతినక తప్పదు: ‘నజాత్’ కూడా ఖుర్ఆన్ పదమే, అందులో ఉన్నది రక్షింపబడటమే. ప్రకటనకు, ప్రార్థనకు ఒక్కో సమాజం ఏ పదాన్ని ముందు నిలుపుకుందో ఆ పదమే దాని స్వభావమని పొరపడటం సులువు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని పొద్దున వచ్చిన కూలీలకు, సాయంత్రం వచ్చిన కూలీలకు ఒకే దినారం ఇస్తాడు. సహీహ్ బుఖారీలో ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఉపమానంలో ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా, మధ్యాహ్నం నుంచి అస్ర్ దాకా పనిచేసినవారికి ఒక్కో ఖీరాతు. అస్ర్ నుంచి పొద్దుగుంకే దాకా పనిచేసినవారికి రెండేసి ఖీరాతులు. రెండు చోట్లా ముందు వచ్చినవారు సణుగుతారు. మీకు రావలసినదాంట్లో ఏమైనా తగ్గించానా అన్న భావంతోనే రెండు చోట్లా యజమాని జవాబిస్తాడు; మిగతాది తన ఇష్టమంటాడు. ఆ ‘ఇష్టాన్ని’ ఒకరు కృప అన్నారు, మరొకరు ఫజ్ల్ అన్నారు. పనికి వెళ్ళకుండా అంగట్లోనే నిలబడినవాడికి కూలి ఇచ్చినట్లు మాత్రం రెండు చోట్లా లేదు.